ఎవరి తప్పూ కాదు

దేవుణ్ణి నమ్మనందువల్లే దేవీప్రసాద్ మాస్టారి ఉద్యోగం పోయిందని కూర్మన్నపాలెంలో చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. ఏటా ఆషాఢంలో సింహాచలం కొండ చుట్టూ చెప్పుల్లేకుండా నడిచే మనిషి ఆయన. శనివారం నీచు ముట్టరు. బడిలో ల్యాబ్ తలుపు తీసేముందు కూడా గడపకు చెయ్యి తాకించి కళ్లకద్దుకునేవారు. నమ్మకం లేకపోవడం వల్ల వచ్చిన కష్టం కాదు ఆయనది.

ఊరు చీపురుపల్లి దగ్గర పల్లె. అదే పల్లె నుంచి అదే రోజుల్లో విశాఖ వచ్చినవాడు సింహాద్రి. వరసకు ఇద్దరూ బావలు. సింహాద్రికి స్టీల్ ప్లాంటులో పని దొరికింది. మాస్టారికి కూర్మన్నపాలెం జంక్షన్ అవతల ఒక ట్రస్టు నడిపే హైస్కూల్లో బయాలజీ చెప్పే పని. పక్కపక్క వీధుల్లో ఇళ్లు కట్టుకున్నారు. సింహాద్రి షిఫ్టు దిగి వస్తూ మాస్టారి గుమ్మం ముందు బండి ఆపి, "బావా, టీ ఉందేటి?" అని కేకేయకుండా ఇంటికి వెళ్లేవాడు కాదు.

సింహాద్రి భార్య పైడితల్లి అతని సొంత మేనమామ కూతురే. అతని తల్లి అసిరమ్మ పట్టుబట్టి అన్న కూతుర్ని కోడలిగా తెచ్చుకుంది. "పరాయి పిల్ల ముసల్దాన్ని సూత్తాదేటి? నా రత్తమైతే నన్నొగ్గదు" అని పెళ్లిపందిట్లో అందరికీ చెప్పుకుంది. మొదట హేమశ్రీ పుట్టింది. ఐదేళ్లకు సాయిశంకర్.

పిల్లాడు నెలల బిడ్డగానే తెల్లగా పాలిపోయాడు. పెద్దాసుపత్రిలో తలసీమియా అన్నారు. ఒంట్లో రక్తం నిలవదు, బతికినన్నాళ్లూ నెలనెలా ఎక్కిస్తూ ఉండాలన్నారు. మేనరికాల్లో ఇది ఎక్కువ కనిపిస్తుందని కూడా డాక్టరమ్మ చెప్పింది గాని, అప్పుడు ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. మాస్టారి గ్రూపూ పిల్లాడి గ్రూపూ ఒకటే. ఇవ్వగలిగినప్పుడల్లా మాస్టారు రక్తం ఇచ్చారు. ఇవ్వకూడని నెలల్లో తన దగ్గర చదివి వెళ్లిన కుర్రాళ్లకు ఫోన్లు చేసి రప్పించారు. సాయిశంకర్ ఎనిమిదేళ్లు బతికాడు. ఎక్కించిన రక్తంలోని ఇనుము కొద్దికొద్దిగా గుండెలో పేరుకుపోయి, ఒక వేసవిలో, ఐస్ కావాలని అడిగి, తెచ్చేలోపే పోయాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లూ మూడు రకాలుగా బతికారు.

అసిరమ్మ కారణం వెతుక్కుంది. కోడలు కడుపుతో ఉన్నప్పుడు, మెట్లెక్కి వచ్చి దర్శనం చేసుకుంటానని సింహాచలం అప్పన్నకు మొక్కుకుంది. మెట్లెక్కకూడదని డాక్టరు అనడంతో బస్సులో కొండ మీదికి వెళ్లింది. "దేవుడితో మాటన్నాక మాటే. ఆయన ఊరుకుంటాడేటి?" అనేది అసిరమ్మ. వడ్డిస్తుంటే అనేది, బట్టలారేస్తుంటే అనేది, ఇరుగుపొరుగు వచ్చి కూర్చుంటే వాళ్ల ముందు అనేది. పైడితల్లి ఒక్కనాడూ బదులు చెప్పలేదు. తనే నమ్మిందో, చెప్పే ఓపిక లేదో తెలియదు. తలకు నూనె రాసుకోవడం మానేసింది.

సింహాద్రి తాగాడు. ఆరు నెలలు తాగి, ఒకసారి జంక్షన్‌లో లారీ కింద పడబోయాడు. అప్పుడతన్ని చేరదీసింది ఉమాశంకర్. బడి నడిపే ట్రస్టుకు కరస్పాండెంటు ఆయన. ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాడు. తెల్లబట్టలు, నెమ్మదైన మాట. ఆదివారాలు బడి హాల్లో సత్సంగం పెట్టేవాడు. "మీ అబ్బాయి తీర్చుకోవలసిన ఋణం ఇంతే మిగిలింది. తీర్చుకున్నాడు, వెళ్లాడు. ఏడ్చి అతని దారికి అడ్డం పడకండి" అని సింహాద్రి చెయ్యి పట్టుకుని చెప్పాడు. ఆ మాట సింహాద్రికి పట్టింది. తాగుడు మానాడు. నిద్రపోవడం మొదలుపెట్టాడు. మాస్టారు సంతోషించారు. ఒకటి రెండు ఆదివారాలు ఆయనా వెళ్లి బావ పక్కన కూర్చున్నారు.

రెండేళ్లు గడిచాయి. హేమశ్రీ పదో తరగతికి వచ్చింది.

పదో తరగతి సైన్సు పుస్తకంలో అప్పటికే పరిణామం పాఠం లేదు. అనువంశికత మిగిల్చి, తర్వాతి భాగం తీసేశారు. మాస్టారు మాత్రం ఏటా రెండు పీరియడ్లు కేటాయించి ఆ లేని పాఠం చెప్పేవారు. తిమింగలం రెక్కలో ఎముకలు గీసి, పక్కన మనిషి చెయ్యి గీసి, "లెక్కపెట్టండి" అనేవారు. లెక్క సరిపోగానే పిల్లల ముఖాలు మారిపోయేవి. ఆ ముఖాల కోసమే ఆయన ఆ ఉద్యోగంలో ఉన్నారని భార్య కుసుమకుమారి దెప్పేది.

ఆ ఏడాది ట్రస్టు ఆ ఖాళీలో తన పుస్తకం పెట్టింది. 'సృష్టి విజ్ఞానం' దాని పేరు. సన్నటి పుస్తకం, అట్ట మీద బంగారు రంగు. జీవులన్నీ మొదటి నుంచీ ఇప్పుడున్న రూపంలోనే సృష్టించబడ్డాయని, ఒక జీవి మరొక జీవిగా మారడం ఎవరూ చూడలేదని, అది పరాయి దేశపు ఊహ అని అందులో ఉంది. సైన్సు పీరియడ్లోనే చదివించాలి. బడి పెట్టే పరీక్షల్లో దానికి మార్కులు.

మాస్టారు వెళ్లి ఉమాశంకర్‌ను కలిశారు.

"మన పిల్లలకు మన దేవుడు చేసిన సృష్టి గురించి చెప్పకూడదా మాస్టారూ?" అన్నాడాయన, నొచ్చుకున్నట్టు.

"చెప్పండి సార్. తెలుగు పీరియడ్లో చెప్పండి. ప్రార్థనప్పుడు చెప్పండి, నేనూ చేతులు కట్టుకుని వింటాను. సైన్సు పరీక్షలో జవాబుగా మాత్రం వద్దు."

"అన్నీ పరీక్షనాళికలో దొరుకుతాయా?"

"దొరకవు సార్. దొరకనివాటిని సైన్సు అనకూడదనే నా మనవి."

ఉమాశంకర్ నవ్వి టీ తెప్పించాడు. పుస్తకం మాత్రం అలాగే ఉండిపోయింది.

కార్తీకమాసం వెళ్లాక ఒక మధ్యాహ్నం మాస్టారు ఆ పుస్తకం చదివించక తప్పలేదు. ముందు బెంచీ కుర్రాడు లేచి గడగడా చదువుతున్నాడు. "ఏ జీవినీ లోపంతో సృష్టించడం జరగలేదు. పుట్టుకతో వచ్చే లోపాలు తల్లిదండ్రుల పాపకర్మల ఫలితాలు" అన్నచోట హేమశ్రీ లేచి నిలబడింది. ఆ పిల్ల ఇంట్లో ఆయన్ని మావయ్యా అంటుంది. బడిలో మాత్రం సారే.

"సార్, ఇది పరీక్షలో వస్తాదా?"

"రావచ్చు."

"వస్తే మేం అదే రాయాలా సార్? తల్లిదండ్రుల పాపమని?"

క్లాసులో అందరికీ దాని తమ్ముడి సంగతి తెలుసు. మాస్టారు కుర్రాణ్ణి కూర్చోమని, పుస్తకం మూసి బల్ల మీద పెట్టారు.

"రాయొద్దు" అన్నారు. "నోట్సు ఒకళ్ల దగ్గర ఒకళ్లు ఎత్తి రాసుకుంటారు కదా. ఎత్తి రాసేటప్పుడు ఒకళ్లు ఒక అక్షరం మార్చేస్తారు. వాళ్లది చూసి రాసినవాళ్లందరికీ ఆ మార్పే వస్తుంది. మన ఒంట్లోనూ అలాంటి రాతే ఉంది. అది అమ్మ నుంచి ఒక పాలు, నాన్న నుంచి ఒక పాలు, రెండు వాటాలుగా వస్తుంది. ఎన్నో వేల ఏళ్ల కింద మన వాళ్లలో ఎవరికో రక్తం తయారుచేసే చోట ఒక అక్షరం మారింది. ఆ రోజుల్లో చలిజ్వరం, అదే మలేరియా, ఊళ్లకు ఊళ్లు ఊడ్చేసేది. ఆ మార్పు ఒక పాలు ఉన్నవాళ్లు జ్వరానికి తట్టుకున్నారు. బతికారు. బతికినవాళ్ల పిల్లలు ఎక్కువయ్యారు. ఎక్కడో ఒక ఇంట్లో అమ్మ దగ్గరా నాన్న దగ్గరా అదే మార్పు ఉండి, రెండు పాళ్లూ ఒకే బిడ్డకు చేరితే, ఆ బిడ్డకు రక్తం నిలవదు. దీన్నే పరిణామం అంటారు. మీ పుస్తకంలోంచి తీసేసిన పాఠం ఇదే."

హేమశ్రీ ఇంకా నిలబడే ఉంది. "అయితే మా అమ్మ తప్పు కాదా సార్?"

"కాదమ్మా. మీ అమ్మ తప్పు కాదు, మీ నాన్న తప్పు కాదు. ఎవరి తప్పూ కాదు. దేవుడి కోపం అసలే కాదు." అక్కడితో ఆగవలసింది. బల్ల మీది పుస్తకం చూస్తే ఆయనకు ఒళ్లు మండింది. "ఇందులో రాసింది సైన్సు కాదు. నన్నడిగితే భక్తి కూడా కాదు."

మర్నాడు సాయంత్రం సింహాద్రి వచ్చాడు. టీ అడగలేదు. అరుగు మీద కూర్చున్నాడు.

"ఏటైంది బావా?" అన్నారు మాస్టారు.

"నువ్వు పిల్లకేటి సెప్పావు?"

మాస్టారు చెప్పారు. సింహాద్రి విన్నాడు. తర్వాత తన ఇంట్లో జరిగింది చెప్పాడు. హేమశ్రీ బడి నుంచి వస్తూనే చింతపిక్కలు తెచ్చి తల్లి ముందు పరిచింది. కొన్నిటిని గచ్చు మీద అరగదీసి తెల్లగా చేసింది. మనిషికి రెండు పిక్కలు. ఇవి నాన్నవి, ఇవి నీవి, ఈ తెల్లపిక్క నాన్నకి నానమ్మ నుంచి వచ్చుంటాది, నీకు తాతయ్య నుంచి వచ్చుంటాది, వాళ్లిద్దరూ ఒక తల్లి పిల్లలు కదా అని చెప్పింది. పైడితల్లి ఆ పిక్కలు చేతిలోకి తీసుకుని చూసింది. చూసి చూసి, రెండేళ్లలో మొదటిసారి అత్తగారి ముఖంలోకి చూసి అరిచింది. "ఇన్నావా అత్తా? నా మొక్కు కాదంట! నీ పుట్టింటోల్ల రత్తమంట!" అని.

"మా అమ్మ అప్పట్నుంచి మాటాడ్నేదు" అన్నాడు సింహాద్రి. "నిన్నట్నుంచి ముద్ద ముట్నేదు."

"పైడితల్లి మీద రెండేళ్లుగా ఉన్న నింద బావా అది. కడుపులో ఎంత మంట ఉంటే అలా అనుంటుంది?"

"నాకు తెల్దేటి? ఆడదాని ఏడుపు నాకు ఇనపడ్నేదనుకున్నావా? నాను అమ్మకి సెప్పలేను, దానికి సెప్పలేను. ఒక్కటే పట్టుకున్నాను. ఆడు రునం తీర్సుకుని ఎల్లిపోయినాడు, అంతే. అదనుకుంటే నాకు నిద్దరొత్తంది. నువ్వు రత్తమన్నావు, జొరమన్నావు. ఎప్పుడో ఎవుడో రాత తప్పు రాసినాడన్నావు. మరి నా కొడుకు ఊరికినే సచ్చిపోయినాడా బావా? ఏ కారనం నేకుండా?"

మాస్టారు వచ్చి అతని పక్కన అరుగు మీద కూర్చున్నారు. "పిల్ల అడిగింది బావా. మా అమ్మ తప్పా అని అడిగింది. అవునని చెప్పమంటావా?"

"తెల్దని సెప్పలేకపోయావా?"

"తెలుసు కదా."

"తెలిసినవన్నీ సెప్పీడవేనా?" సింహాద్రి లేచాడు. "నువ్వొచ్చి మా అమ్మకి సెప్పు. అదంతా ఉత్తిదని సెప్పు. నీ మాట నమ్ముతాది."

మాస్టారు అతని వెంట వెళ్లారు. అసిరమ్మ వంటింటి పక్క గదిలో చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పైడితల్లి గుమ్మంలో గిన్నెతో నిలబడి ఉంది. అందులో గంజి చల్లారిపోయింది. మాస్టారిని చూసి "అన్నయ్యా, నాను కోపంలో అన్నాను, ఇంత సేత్తాదని..." అని, మిగతాది చెప్పలేక గిన్నె కింద పెట్టేసింది.

మాస్టారు చాప పక్కన కూర్చున్నారు. "అత్తా."

ముసలామె ఇటు తిరిగింది. "ప్రసాదూ, నువ్వైతే నిజం సెప్తావు. నా వొంట్లోంచి ఆడికి పోయిందా?"

"అలా చెప్పలేం అత్తా. పరీక్ష చేస్తే గాని..."

"పరీచ్చ సంగతి కాదు. నువ్వేటనుకుంటన్నావో అది సెప్పు."

ఉత్తిదనాలి. వీధిలోంచి వస్తున్నంతసేపూ మాస్టారు అలా అనాలనే అనుకున్నారు. గుమ్మంలో పైడితల్లి ఉంది. ఉత్తిదంటే, రేపట్నుంచి ఆమెకు మళ్లీ ఆ మెట్ల నింద, ఆ బస్సు నింద. వెనక సింహాద్రి ఉన్నాడు. మాస్టారు ముసలామె చెయ్యి పట్టుకున్నారు.

"వచ్చుంటుంది అత్తా. కానీ నీకది మీ అమ్మ దగ్గర్నుంచో నాన్న దగ్గర్నుంచో వచ్చింది, వాళ్లకి వాళ్ల పెద్దల నుంచి వచ్చింది. ఎవరూ కావాలని ఇచ్చింది కాదు. అది ఒంట్లో ఉండబట్టే మన పాతవాళ్లు చలిజ్వరాలకి తట్టుకుని బతికారు. నీ తప్పేం లేదు."

అసిరమ్మ ఆ మాటను నెమ్మదిగా అర్థం చేసుకుంది. చదువు లేదు గాని తెలివైన మనిషి.

"అయితే నన్ను బతికించి, ఆడ్ని సంపీసిందా" అంది.

అని మళ్లీ గోడవైపు తిరిగిపోయింది. మాస్టారు ఇంకా ఏదో చెప్పబోయారు. సింహాద్రి ఆయన భుజం మీద చెయ్యి వేసి బయటికి నడిపించాడు. గేటు దాకా వచ్చి, గడియ వేసుకున్నాడు.

బడిలో గొడవ చేసింది సింహాద్రి కాదు. 'భక్తి కూడా కాదు' అన్న మాట పిల్లల నోట ఇళ్లకు చేరింది, ఇళ్ల నుంచి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుకు చేరింది. చేరేసరికి అది 'దేవుడు లేడు' అయింది. కొందరు తండ్రులు వచ్చి ఆఫీసు ముందు నిలబడ్డారు. ఎవరో మాస్టారి స్కూటరు సీటు కోసేశారు. వారం తిరక్కుండా ఉమాశంకర్ ఆయన్ని గదికి పిలిపించాడు. ఎవరి పిల్ల ప్రశ్న వేసిందో ఆ తండ్రిగా సింహాద్రినీ పిలిపించాడు. ఇద్దరూ ఒకే వరసలో కుర్చీల్లో కూర్చున్నారు. మధ్యలో ఒక కుర్చీ ఖాళీ.

"మాస్టారూ, మీ మీద నాకు గౌరవం ఉంది" అన్నాడు ఉమాశంకర్. "రేపు ప్రార్థనలో రెండు ముక్కలు చెప్పండి. పుస్తకంలో ఉన్నది సరైనదేనని, ఆ రోజు తొందరపడి మాట్లాడానని. మీ అభిప్రాయం మీ ఇంట్లో ఉంచుకోండి, ఎవరొద్దన్నారు?"

"అభిప్రాయమైతే ఇంట్లోనే ఉంచుకునేవాణ్ణి సార్. ఎవరి మనసు నొచ్చుకున్నా క్షమాపణ చెప్తాను. అందరి ముందూ చెప్తాను. భక్తి కాదనే మాట నేను అనకూడదు, అది వెనక్కి తీసుకుంటాను. తల్లిదండ్రుల పాపమని మాత్రం ఆ పిల్ల ముందు చెప్పలేను."

ఉమాశంకర్ పుస్తకం తెరిచి, ఆ వాక్యం మరోసారి చదువుకున్నాడు. నిజంగానే ఆయన ముఖం ఇబ్బందిగా మారింది. "ఈ వాక్యం తీసేద్దాం. వచ్చే ముద్రణలో ఉండదు, నాది పూచీ. మిగతా పుస్తకం సరైనదని చెప్పండి. చాలు."

మాస్టారికి ఇంట్లో కుసుమకుమారి పొద్దున అన్న మాట గుర్తొచ్చింది. "ఒక్క మాట అనేసి వచ్చేయండి, దేవుడికి తెలీదా మీ మనసు?" అంది ఆమె. ఈ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారో ఆయనకు తెలియదు. వాక్యం పోతుంది, పైడితల్లి మీద నింద పోతుంది. ఇంకేం కావాలి?

"సార్" అన్నారు చివరికి. "జీవులన్నిటినీ దేవుడు ఇప్పుడున్నట్టే స్వయంగా చేశాడని నేను సైన్సుగా చెప్పాననుకోండి. హేమశ్రీ మళ్లీ లేచి నిలబడుతుంది. మరి మా తమ్ముణ్ణి ఆ రక్తంతో ఎందుకు చేశాడని అడుగుతుంది. నేనేం చెప్పాలి? ఆ నేరం అప్పన్న మీద పెట్టాలా? నేను ఆయనకు మొక్కే మనిషిని సార్. నావల్ల కాదు."

ఉమాశంకర్ సింహాద్రి వైపు తిరిగి, "మీరేమంటారు?" అన్నాడు.

సింహాద్రి తల ఎత్తలేదు. "నాకు మా అమ్మ ఓ ముద్ద తింటే సాలు బాబూ" అన్నాడు.

ఆ సాయంత్రమే మాస్టారు రాజీనామా ఇచ్చేశారు. ల్యాబ్ తాళాలు అప్పజెప్పి వస్తుంటే, లెక్కల టీచరు మహబూబున్నీసా మెట్ల దగ్గర ఎదురైంది. విశాఖ పాతనగరం నుంచి రెండు బస్సులు మారి వస్తుందామె. ఆయనతో పాటే బడిలో చేరింది.

"నేనొక మాట మాట్లాడి ఉండాల్సింది సార్" అంది. "నా పేరు చూసి అది ఇంకో గొడవ అయిపోయేది. మీకు మరీ చెడ్డయ్యేది."

"తెలుసమ్మా."

"మా ఇంట్లో కూడా ఈ పాఠం ఒప్పుకోరు సార్. మా అబ్బాయి అడిగితే నేనూ మాట మార్చేశాను." ఆమె కళ్లు తుడుచుకుంది. ఆయన ఆమెను ఓదార్చి బస్సెక్కించి ఇంటికి వెళ్లారు.

అసిరమ్మ తిండి పూర్తిగా మానలేదు. కోడలు పెడితే రెండు ముద్దలు తినేది. అదొక్కటే ఆ ఇంట్లో మారింది. పైడితల్లి పక్కనే కూర్చుని, ముద్దలు చేసి నోట్లో పెట్టేది. తల దువ్వేది. ఒకనాడు ముసలామె కోడలి చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుని, "కొట్టియ్యే నన్ను" అందట. పైడితల్లి ఏడుస్తూ ఆ చేతితోనే ఆమె తలకు నూనె రాసిందట. ఇవన్నీ హేమశ్రీ అప్పుడప్పుడు మాస్టారికి ఫోన్లో చెప్పేది. మాఘం దాటాక అసిరమ్మ నిద్రలోనే పోయింది. వయసు అయిపోయిందని డాక్టరన్నాడు.

మాస్టారు వెళ్లారు. వీధి చివర నిలబడి, పాడె లేచాక వెనక నడిచారు. శ్మశానానికి సగం దారిలో భుజాలు మార్చుకుంటుంటే ముందుకు వెళ్లి చెయ్యి చాచారు. సింహాద్రి నిప్పుకుండతో ముందు నడుస్తున్నాడు. వెనక్కి తిరిగి చూసి, "ఒద్దు మాస్టారూ" అన్నాడు. బావా అనలేదు. మాస్టారు చెయ్యి దించేసి మళ్లీ వెనక్కి వచ్చారు. మిగతా దారంతా నడిచారు గాని, ఎవరి పక్కనా నడవలేదు.

ద్వారకా నగర్లో ఒక కోచింగ్ సెంటర్లో ఆయనకు పని దొరికింది. మెడికల్ ఎంట్రన్స్ పిల్లలకు బయాలజీ. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపట్టడం నేర్పాలి. పరిణామం పాఠం అక్కడ ఉంది, దాన్నుంచి ప్రశ్నలూ వస్తాయి. కానీ తిమింగలం ఎముకలు గీస్తూ నిలబడితే పిల్లలు వాచీలు చూసుకుంటారు. "సార్, ఆన్సర్ బి కదా?" అంటారు. అవును, బి నే. హేమశ్రీకి పదిలో మంచి మార్కులొచ్చాయి. డాక్టరు కావాలని చిన్నప్పట్నుంచీ అనేది. సింహాద్రి ఎంపీసీలో చేర్చాడు. ట్రస్టు పుస్తకం రెండో ముద్రణ వచ్చిందని, తల్లిదండ్రుల పాపమన్న వాక్యం అందులో లేదని, మిగతాది అలాగే ఉందని మహబూబున్నీసా చెప్పింది.

వర్షాలు పడుతున్న రోజుల్లో ఒక ఉదయం సింహాద్రి కోచింగ్ సెంటరుకు వచ్చాడు. మెట్ల మీద గొడుగు ముడిచి నిలబడ్డాడు. మనిషి చిక్కిపోయాడు. మాస్టారు పరుగులాంటి నడకతో వచ్చి, "రా, లోపల కూర్చుందాం. టీ తెప్పిస్తాను" అన్నారు.

"ఒద్దు. పనుంది." గోడ వైపు చూస్తూ అన్నాడు. "హేమకి ఆ రత్త పరీచ్చ సేయించాల. రేపు పెల్లప్పుడు తెలాల కదా. ఎక్కడ సేత్తారు?"

మాస్టారు చెప్పారు. పెద్దాసుపత్రిలోనే చేస్తారని, ఏ విభాగంలో అడగాలో, ఎవరికి చెప్పాలో చెప్పారు. "నేనూ వస్తాను" అన్నారు.

"నాను తీసుకెల్తాను." సింహాద్రి గొడుగు విదిలించాడు. రెండు మెట్లు దిగి ఆగాడు. "నీ మాట అబద్దమని నాను ఎక్కడా అన్నేదు మాస్టారూ. ఆ రోజు ఆ గదిలో కూడా అన్నేదు."

"తెలుసు."

"అమ్మ మాత్రం ఆ మాటతోనే పోయింది."

సింహాద్రి మెట్లు దిగి, వానలో బస్సుల కాంప్లెక్సు వైపు వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు ఆసుపత్రి నుంచి హేమశ్రీ ఫోను చేసింది. "మావయ్యా, నాకూ ఉంది. ఒక పాలే."

"ఒక పాలైతే నీకేం కాదమ్మా. చేసుకోబోయేవాడికి లేకపోతే చాలు. భయపడకు."

"భయం నేదు మావయ్యా. నానమ్మది నాకొచ్చింది, అంతే కదా." ఆ పిల్ల గొంతు తగ్గించింది. "నాన్న ఇక్కడే బల్ల మీద కూర్చున్నాడు. కాగితం సూసినప్పట్నుంచీ ఏడుస్తన్నాడు. నాను సెప్తే ఇన్నేదు. నువ్వు మాటాడతావా?"

ఫోను చేతులు మారిన చప్పుడైంది. ఆసుపత్రి వరండాలో ఎవరో ఎవరి పేరో పిలుస్తున్నారు. స్ట్రెచర్ చక్రాల మోత దగ్గరగా వచ్చి దూరమైంది. వాటన్నిటి మధ్య సింహాద్రి ఊపిరి మాస్టారికి స్పష్టంగా వినిపించింది.

"బావా" అన్నారు.

అవతలి నుంచి మాట రాలేదు. మాస్టారు మళ్లీ పిలిచారు. క్లాసులోంచి పిల్లలు తొంగి చూస్తున్నారు. ఆయన వాళ్లకు వీపు తిప్పి, ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని నిలబడ్డారు. అవతల ఫోను పెట్టేసేదాకా అలాగే నిలబడ్డారు.